పిట్ట పేరు చెప్పినవాడి పేరేది?

ఎండాకాలం వచ్చిందంటే మా కొండలకు కెమెరాలు ఎక్కుతాయి. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం దారుల్లో పట్నం వాళ్ళు పొద్దున్నే దిగుతారు. ప్రకృతి నడక అంటారు. పిట్టను తీస్తారు, పువ్వును తీస్తారు, సాయంత్రానికి వెళ్ళిపోతారు. నడవొద్దని మేము అనడం లేదు. అడవిని చూసి ముచ్చటపడేవాళ్ళ మీద మాకు కోపం లేదు. అడిగేది ఒక్కటే. ఆ ఫోటో కింద పిట్ట ఇంగ్లీషు పేరు ఉంటుంది, లాటిన్ పేరు ఉంటుంది, తీసినవాడి పేరు ఉంటుంది. దారి చూపించి, కూత విని ఇది ఫలానా పిట్ట అని చెప్పిన సవర కుర్రాడి పేరు ఎందుకుండదు? ఆ పిట్టకు మా భాషలో ఉన్న పేరు ఎందుకుండదు?

ఇది చిన్న విషయం అనేవాళ్ళు కలివికోడి సంగతి తెలుసుకోవాలి. 1900 తర్వాత కనబడలేదని ఆ పక్షి అంతరించినట్టే లెక్కేశారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం వైపు అది మళ్ళీ దొరికింది. పట్టి చూపించినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. పేరులోనే చిరునామా ఉంది. ప్రపంచం పుస్తకాల్లో మాత్రం అది ఈనాటికీ జెర్డాన్ దొర పేరు మీదే ఉంది.

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళే వాటిని కాపాడుతున్నారని అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. మరి కొండ మీద పిట్టలు మిగిలి ఉంటే ఆ మెప్పు మాకెందుకు రాదు? పోడు కొట్టి అడవిని పాడుచేశారన్న మాటే ఎందుకొస్తుంది? రెండు రోజులు నడిచినవాడు ప్రకృతి ప్రేమికుడు. తెల్లవారకముందే లేచి ఇప్పపువ్వు ఏరుకునే మా అమ్మ అడవికి బెడద! ఇప్పపువ్వు మాకు కూడు, ఇప్పగింజ మాకు నూనె. కూడు పెట్టే చెట్టును ఎవరు నరుక్కుంటారు?

చట్టం కూడా మా పక్షానే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(కె) ప్రకారం జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద హక్కు సముదాయానిది. వన్యప్రాణులను, అడవిని కాపాడే అధికారం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రాయాలి. అందులో మన ముసలివాళ్ళ మాట ఎక్కిందా, ఎవరో ఆఫీసులో కూర్చుని నింపారా? అడగాల్సింది మనమే.

అడిగితే చాలదు, చేయాలి కూడా. సవరల దగ్గరే సవర నేర్చుకుని గిడుగు రామమూర్తి పంతులు వ్యాకరణం, నిఘంటువు రాశారు. 1936లో మంగై గొమాంగో సవరకు లిపి తయారుచేశాడు. పుస్తకం లేదని, లిపి లేదని చెప్పుకునే వీలు మనకు లేదు. హాస్టల్ పిల్లలు ఇంటి దగ్గర ఎక్కువ రోజులు ఉండేది వేసవి సెలవుల్లోనే. పేర్లు తెలిసిన తాతలు, అవ్వలు ఏటా తగ్గిపోతున్నారు. ఒక అవ్వ పోతే ఎన్ని మొక్కలు పేరు లేనివైపోతాయో టీచర్లు ఆలోచించాలి.

అందుకే ఈ వేసవిలో మన నడక మనం మొదలుపెడదాం. ఫోను మన చేతిలోనే ఉంది. ఒక్కో పిల్ల పది మొక్కలు, పది పిట్టలు రాసుకురావాలి. పేరేమిటి, ఎప్పుడు పూస్తుంది, ఎక్కడ గూడు కడుతుంది, దేనికి పనికొస్తుంది, ఎవరు చెప్పారు. మన పేరు ముందు, తెలుగు పేరు తర్వాత, లాటిన్ పేరు చివర. లాటిన్ పేరూ ఉండాలి, లోకమంతా గుర్తుపట్టేది దానితోనే. గూడు దగ్గరకు పోయి ఫోటో తీయకూడదు. గూడు చోటు, మందుమొక్క చోటు బయటివాళ్ళకు చెప్పకూడదు.

పట్నం నుంచి వచ్చేవాళ్ళు రావచ్చు. దారి చూపినవాడికి కూలి ఇవ్వాలి, ఫోటో కింద అతని పేరు రాయాలి. ఈ రెండూ చేయలేనివాళ్ళకు దారి చూపాల్సిన పని మనకు లేదు.