లూపు కాదు.. తీరు మార్చాలి

గూడూరు, ఆదోని, ఎమ్మిగనూరుల్లో చదువు ముగించి సాఫ్ట్‌వేర్ కొలువు కోసం చూస్తున్నారా? సీ, జావా వచ్చు కదా, మిగతావీ అంతేలే అనుకుంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ దగ్గర బోల్తా పడతారు. ఎక్స్‌ఎంఎల్ డేటాను వెబ్ పేజీగానో, మరో రూపంలోకో మార్చే ఈ భాషకు డబ్ల్యూ3సీ 1999లో ఆమోదం తెలిపింది.

ఆదోని యార్డుకు వచ్చిన పత్తి లాట్ల జాబితా ఎక్స్‌ఎంఎల్‌లో ఉందనుకోండి. మొత్తం ఎన్ని క్వింటాళ్లో తేల్చాలి. సీలో అయితే సున్నాతో మొదలెట్టి, లూపు తిరిగిన ప్రతిసారీ కలుపుకుంటూ పోతాం. ఇక్కడ అది కుదరదు. వేరియబుల్‌కు ఒకసారి విలువ ఇచ్చామంటే ఇక మారదు. ఫర్-ఈచ్ లోపల కొత్తగా ప్రకటించినా, అది ఆ ఒక్క లాటు వరకే బతుకుతుంది. బయటిది సున్నాగానే మిగులుతుంది.

ఎందుకంటే ఫర్-ఈచ్ మనకు తెలిసిన లూపు కాదు. ‘ప్రతి లాటుకూ ఈ పని చెయ్యి’ అని చెప్పడమే. ఒక లాటు లెక్క మరో లాటుకు చేరదు.

మరి దారేది? మొత్తానికి సమ్, వరుస సంఖ్యకు పొజిషన్ ఫంక్షన్లున్నాయి. లాటు లాటుకూ పెరిగే మొత్తం కావాలంటే, టెంప్లేట్ తనను తానే పిలుచుకుంటూ కొత్త విలువను పారామీటర్‌గా అందించాలి. 2017 నాటి 3.0 వెర్షన్‌లో ఇందుకు ఇటరేట్ కూడా వచ్చింది.

సింటాక్స్ బట్టీ పడితే ఇదంతా అర్థం కాదు. విలువ ఎందుకు మారదో మీ మాటల్లో చెప్పగలగాలి. రియాక్ట్, స్పార్క్ నేర్చేటప్పుడూ ఈ ఆలోచనే అక్కరకొస్తుంది. ఈ రోజే అయిదు లాట్లతో చిన్న ఫైలు రాయండి. మొత్తం మీరే రాబట్టండి.