సెలక్షన్ల డప్పు

2015లో తెలంగాణ సాంస్కృతిక సారథి 550 మంది కళాకారులను తీసుకున్నది. అట్లాంటి కొలువు మళ్లొస్తదన్న ఆశతో మా జవహర్‌నగర్ పిల్లగాళ్లు తీన్‌మార్ ఒక్కటే గట్టిగ సాధన చేస్తున్నరు. చెయ్యనీ, అదీ మనదే. కానీ చావుకొక దరువు, పెండ్లికొక దరువు, చాటింపుకొక దరువు తాతల చేతులల్ల ఉన్నయి. ఆ చేతులతోనే దొరలు వెట్టికి కొట్టించుకున్నరు. 1994లో ఈదుముడిల మొదలైన దండోరా అదే డప్పును ఆత్మగౌరవం చేసింది.

అందుకే మేం అంటున్నం: సిర్ర, సిటికెన పుల్ల పట్టుడు తాతల దగ్గరే నేర్వాలె, ఫీజు కట్టి నేర్వాలె. డాన్సు మాస్టరుకు కడ్తలేమా? సెలక్షన్లకు కూసునేటోళ్లల్ల ముసలి డప్పు కళాకారుడొకడు ఉండాలె. తోలును మంటకు కాపుడు తెల్వనోడు మార్కులెట్ల వేస్తడు? ఇదే రాసి సంతకాలు తీస్తున్నం, కలెక్టరాఫీసుల ఇస్తం.