పెద్దను కాదు, పెద్దలను



మన మార్కాపురం, గిద్దలూరు వైపు కొత్త మందిరాలు లేస్తున్నాయి. దేవునికి స్తోత్రం. కానీ కొన్నిచోట్ల వాక్యం పాస్టరు గారిదే, కానుకల లెక్క ఆయనదే, స్థలం కాగితం కూడా ఆయన పేరు మీదే. "మీ సంఘ పెద్దలు ఎవరండీ?" అంటే జవాబు రాదు.

పౌలు గారు తీతును క్రేతులో ఎందుకు ఉంచి వచ్చారు? ప్రతి పట్టణంలో పెద్దలను నియమించడానికి (తీతు 1:5). పెద్దను కాదు, పెద్దలను. ఫిలిప్పీ పత్రిక మొదటి వచనంలో కూడా అధ్యక్షులు, పరిచారకులు అని బహువచనమే.

1 తిమోతి 3వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. బోధించే సామర్థ్యం గురించి ఉన్నది ఒక్క మాట. మిగతావన్నీ ఇంట్లో, వీధిలో కనబడేవే: తాగుడు, కొట్లాట, డబ్బు ఆశ, పిల్లల పెంపకం, అతిథులను ఆదరించడం. ఏడవ వచనం ప్రకారం సంఘానికి బయటివారి దగ్గర కూడా మంచి పేరుండాలి. అంటే కిరాణా కొట్టు ఆయనను అడిగి చూడాలన్నమాట! ఎవరు బాకీ తీర్చారో, ఎవరు ఎగ్గొట్టారో ఆయనకు తెలిసినంత మనకు తెలియదు.

బైబిలులో చేరని 'దిదాకే' అనే ప్రాచీన బోధ ఇంకా కఠినం. ఊరూరా తిరిగే బోధకుడు తన కోసం డబ్బు అడిగితే అబద్ధ ప్రవక్తే అంటుంది. అధ్యక్షులను, పరిచారకులను సంఘమే ఎన్నుకోవాలని కూడా అందులో ఉంది.

"పెద్దలను పెడితే పార్టీలు, గొడవలు వస్తాయి అయ్యగారూ" అంటారు కొందరు. నిజమే, వస్తాయి. సుమారు క్రీ.శ. 96లో కొరింథులో ఏ తప్పూ లేని పెద్దలను కొందరు తొలగించారు. రోమా సంఘం వాళ్లకు పెద్ద ఉత్తరమే రాసింది. దానినే క్లెమెంతు పత్రిక అంటారు. పెద్దలే వద్దని ఆ ఉత్తరం చెప్పలేదు. వాళ్లకు లోబడండి అని చెప్పింది.

మన ప్రాంతం సంగతే చూడండి. కంభం చెరువు నింపే గుండ్లకమ్మే ఒంగోలు వైపు పారుతుంది. 1878 జూలై 3న అక్కడ వెల్లంపల్లి దగ్గర ఆ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి ఇచ్చింది క్లౌ దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ. అంత పెద్ద పనిని పంచుకోగలిగినప్పుడు, నలభై కుటుంబాల సంఘంలో కానుకల పెట్టె తాళం పంచుకోలేమా?

రాబోయే సంఘ కూటంలో కనీసం ముగ్గురిని ఎన్నుకోండి. అందులో ఒక సహోదరి ఉండాలని నా కోరిక. కెంక్రేయ సంఘానికి ఫీబే పరిచారకురాలు కదా (రోమా 16:1). కానుకల పుస్తకం నెలకొకసారి ఆరాధన తరువాత అందరి ముందు చదవండి, పాస్టరు గారికి ఇచ్చిన మొత్తంతో సహా.