కావలి పాకలో గృహకూటము



వేసవి వచ్చిందంటే మా నూజివీడు ప్రాంతపు సంఘాల్లో సాయంకాలపు కూటములకు హాజరు పలచబడుతుంది. కారణాలు రెండే. ఒకటి మామిడి, రెండోది క్రికెట్టు. ఐ.పి.ఎల్. అనే ఆట 2008లో మొదలయింది. దాదాపు ప్రతి ఏటా మామిడి కాపుతో పాటే వస్తుంది. రాత్రి ఏడున్నరకు ఆట మొదలు. మా బుధవారపు గృహకూటము కూడా ఏడున్నరకే! ఇందులో ఎవరు ఓడిపోతారో మీరు ఊహించగలరు.

2023 వేసవిలో ఒక ఆదివారమునాడు నేను ప్రసంగపీఠము మీదనుండి కొంచెం గట్టిగానే మాట్లాడాను. "దేవుని మందిరానికి రావడానికి తీరిక లేదు గాని, ఆట చూడటానికి తీరిక ఉంటుంది" అన్నాను. పేరు చెప్పలేదు. కాని చిన్న సంఘములో పేరు చెప్పనక్కరలేదు కదా! అందరూ ఒకవైపే తిరిగి చూశారు. ఆ సహోదరుడు తల వంచుకున్నాడు. ఆయన కౌలుకు మామిడితోట చేసే మనిషి. మూడు బుధవారాలుగా ఆయనా, భార్యా, పిల్లలూ ఎవరూ కూటానికి రాలేదు. తోటలో ఫోనులో ఆట చూస్తున్నారని ఎవరో నా చెవిన వేశారు.

ఆ తరువాత రెండు ఆదివారాలు వారు గుడికి కూడా రాలేదు. ప్రతి ఏడాదీ మే నెలలో ఆయన మా ఇంటికి ఒక గంప చిన్నరసాలు పంపేవాడు. ఆ గంప కూడా రాలేదు. పళ్ళు రాలేదని నా బాధ కాదు. అబద్ధమెందుకు, కొంచెం అదీ ఉంది! ఒకరోజు భోజనాల దగ్గర నా భార్య, "ఏమండీ, మీరు ఆ తోటకు ఎప్పుడైనా వెళ్ళారా?" అని అడిగింది. వెళ్ళలేదు. ఆరేళ్ళుగా ఆ తోట పళ్ళు తింటున్నాను గాని, తోట మొహం చూడలేదు.

మర్నాడు సాయంత్రం మోటారు సైకిలు మీద బయలుదేరాను.

పట్నంలో ఉండే మన పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. మామిడి కౌలు అంటే వరి కౌలు లాంటిది కాదు. చాలా తోటలు పూత మీదనే మాట్లాడుకుంటారు. కాయ ఎంత నిలుస్తుందో తెలియకముందే డబ్బు కట్టాలి. ఆ డబ్బు అప్పు తెచ్చినదే. పూతకు తేనెమంచు పురుగు, పిందెకు ఎండ, కాయకు ఈదురుగాలి. వీటన్నిటినీ దాటుకొని కాయ తయారయ్యేసరికి కోతులు, గబ్బిలాలు, దొంగలు. అందుకని కోత అయ్యేవరకు రాత్రింబగళ్ళు తోటలోనే పాక వేసుకొని కావలి ఉండాలి. కాయను చిక్కంతో జాగ్రత్తగా కోయాలి. తొడిమ ఊడి జీడి కారితే కాయ మీద మచ్చ పడుతుంది. మచ్చ పడితే ధర పడుతుంది. అంతా బాగుండి కూడా ధర లేకపోతే చేసేదేమీ లేదు. 2025లో చిత్తూరు వైపు తోతాపురి ధర పడిపోతే, ప్రభుత్వము కిలోకు 4 రూపాయలు తన వంతుగా కలపవలసి వచ్చింది.

ఇక తినేవారి సంగతి. రసాన్ని కత్తితో కోసేవాడు దాని రుచి ఎరగడని నా అభిప్రాయము. మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, మొదటి రెండు చుక్కల జీడి పిండి పారేసి, చొక్కా సంగతి మరచిపోయి జుర్రుకోవాలి. బంగినపల్లి వేరు, అది ముక్కలు కోసుకొని మర్యాదగా తినే పండు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా నా ఓటు చిన్నరసానికే. ఏ రకమైనా వరిగడ్డిలో మాగినదే పండు. కార్బైడు పెట్టి మాగబెట్టడం 2011 నాటి ఆహార భద్రత నిబంధనల ప్రకారం నిషేధము. మన విశ్వాసులలో వ్యాపారం చేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

నేను తోటకు చేరేసరికి చీకటి పడింది. పాకలో ఒక చిన్న బల్బు వెలుగుతోంది. నీళ్ళ బిందెకు సెల్ ఫోను ఆనించి పెట్టారు. దాని ముందు నలుగురు, తండ్రి, తల్లి, కొడుకు, కూతురు, ఒకరి భుజానికి ఒకరు ఆనుకొని కూర్చున్నారు. ఆ ఏడు ఫోనులో ఆటను డబ్బు కట్టకుండానే చూపించారు. మధ్యలో పళ్ళెంలో పళ్ళు. నన్ను చూడగానే కుర్రాడు ఫోను ఆపేయబోయాడు. ఆ చెయ్యి కంగారుగా వెళ్ళిన తీరు చూసి నాకు సిగ్గు వేసింది. కాపరి వస్తే బిడ్డలు భయపడి వస్తువులు దాచుకునే స్థితి నేను తెచ్చాను.

"ఉండనీ బాబూ" అని చాప మీద కూర్చున్నాను.

కాసేపటికి ఆ సహోదరుడే నెమ్మదిగా చెప్పాడు. "వీడు ఏడాదంతా బెజవాడ హాస్టల్లో ఉంటాడండి, అయ్యగారూ. ఇంటికొస్తే నాతో పది మాటలు మాట్లాడడండి. చదువుకున్నోడు, నాతో ఏం మాట్లాడతాడు? ఈ ఆట వంకనే మాట్లాడతాడండి. నాకేమో ఆట తెలీదు. ప్రతి బంతికీ అడుగుతానండి, వాడు విసుక్కోకుండా చెప్తాడు. మీరు అన్నది నిజమేనండి. కూటానికి రాలేకపోయాం. కాయ వదిలి అందరం ఎలా వస్తామండి?"

ఇంతలో మొదటి జట్టు ఆట ముగిసింది. కూతురు లేచి గూటిలోనుండి బైబిలు తెచ్చింది. కుర్రాడు ఒక కీర్తన చదివాడు. తల్లి ప్రార్థన చేసింది. రోజూ ఆ విరామములో ఇదే పద్ధతట. ఇరవై నిమిషాల విరామము, అందులో పావుగంట ప్రార్థన. నిజం చెప్పాలంటే ఆ వారములో నా ఇంట్లో కుటుంబ ప్రార్థన అంత క్రమంగా జరగలేదు.

"అన్నయ్యా, నన్ను క్షమించండి" అన్నాను. ఆయన చాలా ఇబ్బంది పడిపోయి, "పండు తినండి అయ్యగారూ" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ద్వితీయోపదేశకాండము 16వ అధ్యాయమే మనసులో మెదిలింది. పంట ఇంటికి చేరాక ఏడు దినములు పర్ణశాలల పండుగ చేసుకొని, కొడుకు, కూతురు, పనివారు, లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, విధవరాలు అందరూ కలిసి సంతోషించాలని దేవుడు అక్కడ ఆజ్ఞాపించాడు. గమనించండి, అది అనుమతి కాదు, ఆజ్ఞ. ఏడు దినములు పాకల్లో కాపురముండమని లేవీయకాండము 23వ అధ్యాయములో ఉన్నది. ఎన్నోసార్లు ఆ భాగముల మీద ప్రసంగించాను. పంట పక్కన పాక వేసుకొని బిడ్డలతో కూర్చున్న కుటుంబాన్ని కళ్ళారా చూసేవరకు నాకు అర్థము కాలేదు. పైగా ఆ జాబితాలో లేవీయుడు కూడా ఉన్నాడు, అనగా ఆ సంతోషములో కాపరికి కూడా చోటుంది.

మా చిన్నతనములో 1978 నాటి "కరుణామయుడు" చిత్రము మా ఊరికి తెచ్చి గుడి ముందు తెర కట్టి వేసేవారు. విజయచందర్ గారు ప్రభువుగా నటించిన ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. సినిమా అంటేనే పాపమనే మా నాయనమ్మ ముందు వరుసలో గోనెసంచి పరచుకొని, కొంగున ఉప్పూ కారం అద్దిన పచ్చి మామిడి ముక్కలు పెట్టుకొని కూర్చునేది. ముందు చోటు లేక మేము తెర వెనక చేరితే, ప్రభువు ఎడమ చేతితో దీవిస్తున్నట్టు కనబడేవాడు. ఊరందరం ఒకే తెర చూసేవాళ్ళం. ఇప్పుడు ఒకే ఇంట్లో నాలుగు గదుల్లో నాలుగు తెరలు. నా కోపము దీని మీద చూపించవలసింది. నేను వెళ్ళి నలుగురు ఒకే తెర చూస్తున్న ఇంటి మీద చూపించాను.

పందెముల సంగతి మాత్రం వేరు, అందులో నా మాట మారదు. ఆట మీద డబ్బు కాసి అప్పులపాలైన యౌవనులను నేనెరుగుదును. ఆన్‌లైను పందెములు మన ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధించారు. డబ్బు కట్టి ఆడే ఆన్‌లైను ఆటలను 2025లో కేంద్రము దేశమంతటా నిషేధించింది. మీ బిడ్డ ఆటను ఒంటరిగా, తలుపు వేసుకొని చూస్తుంటే ఒకసారి లోపలికి వెళ్ళి పక్కన కూర్చోండి.

తరువాతి ఆదివారము పీఠము మీదనుండే నా తప్పు ఒప్పుకున్నాను. ఆ కుటుంబము ఆ రోజు వచ్చింది. మే నెల గృహకూటములు తోటల్లో, తొమ్మిది గంటల విరామములో పెట్టుకుందామని పెద్దలతో నిర్ణయించాము. ఒకరిద్దరు పెద్దలకు ఇది నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు.

సరిగ్గా నాలుగు రోజులకు రాత్రి ఈదురుగాలి వచ్చింది. తెల్లవారేసరికి ఆయన తోటలో చెట్ల కింద నేల కనబడలేదు, అంతా కాయలే. ఆయన ఒక చెట్టు మొదట్లో కూర్చుని లెక్క వేసుకుంటున్నాడు. రాలిన కాయను మార్కెట్టులో ఎవరూ అడగరు. దెబ్బ తగిలినది ఆవకాయకు పనికిరాదు, బూజు పడుతుంది. ముక్కలు కోసి ఉప్పు వేసి ఎండబెడితే ఒరుగులవుతాయి. స్త్రీల సమాజము వారు కత్తిపీటలు పట్టుకొని ఆ సాయంత్రానికి తోటకు వచ్చారు. ఎవరికి కావలసిన కాయలు వారు డబ్బు ఇచ్చే తీసుకున్నారు. ఆయన వద్దంటే నా భార్య ఆయన భార్య కొంగున కట్టింది. ఆ డబ్బు అప్పుకు ఏ మూలకూ సరిపోలేదు, వడ్డీలో కొంత తీరింది.

చీకటి పడ్డాక కూడా కోత సాగుతూనే ఉంది. కుర్రాడు ఫోను ఒక గంపకు ఆనించాడు. 2016లో కప్పు గెలిచిన హైదరాబాదు జట్టు ఆ ఏడు పది జట్లలో అట్టడుగున నిలిచింది. అయినా వాళ్ళ నాన్న, "మనవాళ్ళు ఈసారైనా గెలుస్తారంట్రా?" అని అడుగుతున్నాడు. విరామములో కీర్తన ఎత్తుకున్నాము. కత్తిపీటల మీద చేతులు ఆగలేదు. రెండవ జట్టు ఆట మొదలయ్యేసరికి మా కీర్తనలో ఇంకా రెండు చరణాలు మిగిలి ఉన్నాయి. కుర్రాడు ఒక్కసారి ఫోను వైపు దొంగచూపు చూశాడు. నేనూ చూశాను.