ప్రయోగానికి మార్కులుండాలి

పెనుకొండ పక్కన ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం దగ్గర కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ ఉంది. ధర్మవరం వీధుల్లో మగ్గాలు, అద్దకం పనులు నిత్యం సాగుతూనే ఉంటాయి. ఇన్ని ఉన్న శ్రీ సత్యసాయి జిల్లాలో సర్కారు బడి పిల్లలు సైన్సును ఇంకా నోట్సుల్లోనే చదువుకోవడం అన్యాయం. జిల్లాకు సొంత సైన్సు విద్యా ప్రణాళిక కావాలి. దానికి ప్రయోగమే పునాది కావాలి.

అసలు చిక్కు పరీక్షలో ఉంది. పదో తరగతిలో భౌతిక, రసాయన శాస్త్రాలకు 50 మార్కులు, జీవశాస్త్రానికి 50. రెండూ రాతపరీక్షలే. పరీక్షనాళిక ఎన్నడూ పట్టుకోని విద్యార్థికీ నూటికి నూరు రావచ్చు. సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడిలో ఉన్న ఉపాధ్యాయుడు, మార్కులు తేని ప్రయోగం కోసం బీరువా తాళం ఎందుకు తీస్తాడు? నాడు-నేడు పథకం కింద గదులు బాగుపడ్డాయి, గోడలకు ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. మంచిదే. తెరమీద లిట్మస్ కాగితం రంగు మారితే మాత్రం పిల్లల చేతులకు పని అబ్బదు.

ఒక జిల్లా పూనుకుంటే ఏం చేయగలదో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ చూపించింది. 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన ప్రయోగాధార సైన్సు బోధన 1978 నాటికి ఆ జిల్లా అంతటా విస్తరించింది. ఉపాధ్యాయులు నెలనెలా కూడి పాఠాలు చర్చించుకునేవారు. పిల్లలు పుస్తకం దగ్గర పెట్టుకునే పరీక్ష రాసేవారు, ప్రయోగం చేసి చూపేవారు. 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. అయినా మూడు దశాబ్దాలు మామూలు సర్కారు బడుల్లోనే అది నడిచింది.

అదే 1972లో మన కొడిగెనహళ్లిలో గురుకుల పాఠశాల వెలిసింది. ఎందరో పల్లె పిల్లలను పైకి తెచ్చింది, మనకు గర్వకారణం. అయితే అక్కడ సీటు దొరికేది ఎంపికైన కొందరికే. మిగతా పిల్లలంతా జిల్లా పరిషత్, మున్సిపల్ ఉన్నత పాఠశాలల్లో ఉన్నారు. ప్రణాళిక వారి కోసం.

దానికి సామగ్రి ఊళ్లోనే ఉంది. బోరునీటిలో ఫ్లోరైడ్ ఎంతుందో పిల్లలే పరీక్షించాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే సీమ ఇది, బడిబడిలో వర్షమాపకం ఉండాలి, లెక్క పిల్లలే రాయాలి. మల్బరీ ఆకు మేసే పురుగు గూడు కట్టేదాకా తరగతిలోనే పెంచి చూడాలి. పట్టునూలుకు రంగెలా పడుతుందో ధర్మవరం అద్దకందారులను పిలిచి చెప్పించాలి.

పదో తరగతి పరీక్షలో పావువంతు మార్కులు ప్రయోగానికి కేటాయించాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం. అవి ఉత్తినే పంచిపెట్టే మార్కులవుతాయన్న భయం సహేతుకమే. మరో మండలం ఉపాధ్యాయుడిని పరీక్షకుడిగా పంపితే ఆ భయం చాలావరకు తీరుతుంది. అంతవరకూ జిల్లా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా వారానికి రెండు పీరియడ్లు ప్రయోగాలకే కేటాయించవచ్చు. నిధుల మాటకొస్తే, పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలని చట్టమే చెబుతోంది. జిల్లాకు వచ్చే ఆ సొమ్ములో తొలి వాటా బడి ప్రయోగశాలలకు దక్కాలి.

కలెక్టరు, జిల్లా విద్యాశాఖాధికారి, జిల్లా ఎమ్మెల్యేలు ఒకచోట కూర్చోవాలి, ఉపాధ్యాయ సంఘాలనూ తల్లిదండ్రుల కమిటీలనూ పిలవాలి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఈ ప్రణాళిక ప్రజల ముందుండాలి.