గట్టు దారుల్లో జీపీఎస్

విజయవాడ నుంచి బందరుకు బైకు మీద వెళ్లేవారికి జీపీఎస్‌తో పెద్దగా పనిలేదు. 65వ నంబరు జాతీయ రహదారి నేరుగా చేరుస్తుంది. అవసరమంతా అవనిగడ్డ దాటాక, దివిసీమ కాలవ గట్ల మీద. అక్కడ ఫోన్‌కు నెట్ అందకపోయినా ఉపగ్రహ సంకేతం అందుతుంది. తెరుచుకోనిది మ్యాపే. అందుకే దాన్ని బెజవాడలోనే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఫోన్ ఒక్కటే చాలా? బైకు ఇంజిన్ అదురుకు ఐఫోన్ కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. అదురును తగ్గించే మౌంటు తప్పనిసరి. తరచూ దూరాలు తిరిగేవారికి గార్మిన్ జూమో లాంటి, వానకు తడిసినా, గ్లౌజులతో తాకినా పనిచేసే పరికరమే మేలు. ఖరీదు మాత్రం ఎక్కువే.

ఎదురుమొండి దీవి వైపు వెళ్లేవారికి పంటు వేళలు జీపీఎస్ చెప్పదు; వాటిని ఏటిమొగ రేవులో మనుషులనే అడగాలి.

హంసలదీవి దాకా తమకు తెలిసిన గట్టు దారులను పాఠకులు రాసి పంపాలని మనవి.