ఉప్పల్ సంఖ్య నేర్పిన పాఠము

ఉత్తరములపై నిత్యము వ్రాయు సంఖ్యను నిలిచి పరికించువా రరుదు. 1972వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన మన దేశమునందు పిన్‌కోడు పద్ధతి యేర్పడెను. అందు ఉప్పల్ సంఖ్య 500039. పొరుగుననున్న నాచారము సంఖ్య 500076. ఈ రెంటికిని భేదము 37 మాత్రమే. స్వభావములు మాత్రము మిక్కిలి వేఱు.

నాచారపు సంఖ్య సులభముగ విడివడును. అది 4, 9, 29, 479 అను వాని లబ్ధము. దానికి 36 భాజకములు గలవు. ఉప్పల్ సంఖ్య యట్లు లొంగదు. 2, 7, 11, 17 లలో దేనిచే భాగించినను ఒకటియే శేషించును.

ఒకప్పుడు మేము తరగతియందు 97 వఱకు గల 25 ప్రధాన సంఖ్యలతో దీనిని భాగించి, ఏదియు పొసగకపోవుటచే, ఇదియు ప్రధాన సంఖ్యయే యని నల్లబల్లపై వ్రాసితిమి. మఱునాడొక బాలిక లేచి, దీని వర్గమూలము 707 కంటె నించుక అధికము గదా, 97 వద్ద నేల ఆగవలెనని వినయముతో నడిగెను. మేము సిగ్గుపడితిమి. పిల్లలందఱు సంఖ్యలను పంచుకొని భాగింపసాగిరి. 121 ప్రధాన సంఖ్యలు విఫలమయ్యెను; 122వది యగు 673 నిశ్శేషముగ భాగించెను. 673ను 743చే గుణింపగా వచ్చునదే మన ఉప్పల్ సంఖ్య.

ఇంకొక మార్గమును గలదు. 17వ శతాబ్దమునందలి ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా చూపినది. 500039 కంటె పెద్దదగు మొదటి వర్గము 708 యొక్క వర్గము, అనగా 501264. భేదము 1225; అది 35 యొక్క వర్గము. కావున కారణాంకములు 708లో 35 తీసివేసినదియు, కలిపినదియు. 122 భాగహారముల పని ఒక్క తీసివేతతో ముగిసెను! రెండు కారణాంకములును దగ్గఱగా నుండుటయే యిందులకు హేతువు.

చేతిఫోను క్షణములో చెప్పుదానికి ఇంత శ్రమ యేలయని కొందఱు తల్లిదండ్రు లందురు. మే మంగీకరింపము. 1977లో రివెస్టు, షమీర్, ఏడిల్‌మన్ అను మువ్వురు ఏర్పఱచిన రహస్యలిపి, రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధమును విడదీయుట దుస్సాధ్యమను దానిపైననే నిలిచియున్నది. ఆ రెండును మిక్కిలి దగ్గఱగా నుండరాదు. ఏల యుండరాదో ఉప్పల్ సంఖ్యను విడదీసిన బాలునికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున లెక్కకు జవాబు మాత్రమే గాక, ఎచ్చట ఆగితిరో, ఏల ఆగితిరో వ్రాసినవారికిని పరీక్షలయందు మార్కు లీయవలెనని మా అభిప్రాయము. దొరకలేదనుట వేఱు, లేదనుట వేఱు. ఈ భేదమును ఉపాధ్యాయుడే మఱచిన దినమున జ్ఞప్తికి దెచ్చు శిష్యురా లుండుట పాఠశాలకు శోభ. బాలబాలికలారా, మీ యింటి పిన్‌కోడును నేడే విడదీసి చూడుడు. 97 వద్ద మాత్రము ఆగకుడు.